చేయి తిరిగిన డ్రమ్మర్‌ని కూడా తిప్పలు పెట్టే రాక్ పాటలు: వాటిని విప్పి, సాధన చేసి, వాయించే పద్ధతి

"ఐదారేళ్లుగా వాయిస్తున్నాను, సింగిల్స్, డబుల్స్, పారాడిడిల్స్ లాంటి చేతి పాఠాలన్నీ వస్తాయి, మామూలు రాక్ పాటలైతే రెండుసార్లు వింటే చాలు, కానీ ఫలానా పాట దగ్గరికి వచ్చేసరికి కాళ్లూ చేతులూ కట్టేసినట్టు అయిపోతోంది, ఏం చేయాలి?" పాట పేరు మారుతుంది గానీ ఈ ప్రశ్న మాత్రం నాకు వస్తూనే ఉంది. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

"మెట్రోనోమ్ పెట్టుకుని నెమ్మదిగా మొదలుపెట్టు" అనే సలహా తప్పేం కాదు, కాకపోతే అది రెండో అడుగు. ఇబ్బంది ఎక్కడుందో తెలియకుండా నెమ్మదిగా వాయిస్తే తప్పునే నెమ్మదిగా, శ్రద్ధగా నేర్చుకుంటాం. నేను ఒక పాట మీద రెండు నెలలు ఇదే పని చేశాను. ఫిల్ (పాటలో భాగానికీ భాగానికీ మధ్య వేసే చిన్న విన్యాసం) రావట్లేదని ఫిల్‌నే అరగదీశాను. తీరా రికార్డు చేసుకుని వింటే ఫిల్‌కి ఏ జబ్బూ లేదు, దాని ముందు బార్‌లోనే (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తనం) కంగారుపడి టెంపో పెంచేస్తున్నాను.

## 1. స్టిక్స్ ముట్టుకోకముందు: పాటను కాగితం మీదికి దించండి

ముందు రికార్డింగ్ ఒకటి ఖాయం చేసుకోండి. ఆల్బమ్‌లో ఉన్నదీ కచేరీలో వాయించినదీ తరచుగా వేరువేరుగా ఉంటాయి. ఇందులో కొంచెం, అందులో కొంచెం నేర్చుకుంటే రెండూ రావు.

తర్వాత వినండి, ఒక్కో విడతకి ఒక్క పని మాత్రమే పెట్టుకుని:

- మొదటి విడత: ఊరికే వినడం. చేతులు జేబులో.
- రెండో విడత: పాదంతో పల్స్ మాత్రం. ఎక్కడ పాదం తడబడిందో గుర్తు పెట్టుకోండి.
- మూడో విడత: కిక్ (కాలితో పెడల్ తొక్కి కొట్టే పెద్ద డ్రమ్) ఒక్కటే.
- నాలుగో విడత: హైహ్యాట్ లేదా రైడ్ (రెండూ లోహపు తాళాలే) మీదున్న చేయి ఒక్కటే. చాలామంది వదిలేసేది ఇదే, నిజానికి సగం రహస్యం ఇక్కడే ఉంటుంది.
- ఐదో విడత: బేస్ గిటార్. కిక్ అక్కడ ఎందుకు పడిందో ఇది వింటే గానీ తెలియదు.

ఇప్పుడు ఒక కాగితం మీద పాట మొత్తం గీయండి: ఏ భాగం, ఎన్ని బార్లు, టైమ్ సిగ్నేచర్ (బార్‌కి ఎన్ని లెక్కలు) ఎంత, ఫిల్ ఎక్కడ, ఎక్కడ ఆగాలి. నోటేషన్ రాకపోయినా గీతలు, అంకెలు సరిపోతాయి. దొరికిన నోటేషన్‌ను గుడ్డిగా నమ్మొద్దు, చెవికి వినిపించేది వేరు, కాగితం మీదున్నది వేరు అయిన సందర్భాలు కొల్లలు. అనుమానం వచ్చిన చోట రికార్డింగ్ వేగాన్ని సగానికి తగ్గించి వినండి. శ్రుతి మారకుండా వేగం తగ్గించే యాప్‌లు ఇప్పుడు బోలెడున్నాయి.

## 2. కష్టం ఏ రకానిదో తేల్చుకోండి

మొత్తం వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. రాక్ పాట కష్టంగా ఉందంటే వేగం వల్లే అనుకుంటాం. నా అనుభవంలో వేగం ఒక్కటే కారణమైన పాటలు తక్కువ. మూడు పరీక్షలు పెట్టుకుంటే అసలు సంగతి బయటపడుతుంది.

నోటి పరీక్ష. డ్రమ్ భాగాన్ని నోటితో అంటూ చేత్తో పల్స్ కొట్టండి. నోటితోనే రాలేదంటే తప్పు చేతిది కాదు, పాట ఇంకా బుర్రలోకి ఎక్కలేదు. అలాంటప్పుడు డ్రమ్స్ ముందు కూర్చోవడం వృథా.

సగం వేగం పరీక్ష. నోటితో వచ్చింది కదా, ఇప్పుడు సగం వేగంలో వాయించండి. అక్కడా తప్పుతుంటే అవయవాల మధ్య సమన్వయం కుదరలేదు. సగం వేగంలో శుభ్రంగా వచ్చి అసలు వేగంలో చెదిరిపోతుంటే టెక్నిక్‌లో లోపమో, ఓపిక చాలకపోవడమో.

రికార్డింగ్ పరీక్ష. నోట్స్ అన్నీ సరిగ్గా పడ్డాయి, వేగం కూడా అందుకున్నారు, అయినా వింటుంటే ఆ పాటలా లేదు. ఇది స్పర్శ, నడకలకు సంబంధించినది. అన్నిటికన్నా మొండిది కూడా.

ఏ పరీక్షలో తప్పారో కాగితం మీద ఆ భాగం పక్కనే రాసుకోండి. ఒకే పాటలో మూడు రకాలూ ఉండొచ్చు.

## 3. కూర్చునే తీరు, సామాను

దీని గురించి ఎక్కువ రాయను. మోకాళ్లు నడుము కన్నా కాస్త కిందికి ఉండేలా స్టూల్ ఎత్తు పెట్టుకోండి. మరీ కిందికి కూర్చుంటే కిక్ కొట్టిన ప్రతిసారీ కాలు మొత్తం ఎత్తాల్సి వస్తుంది, మూడో నిమిషానికే తొడ పట్టేస్తుంది.

- కిక్ పెడల్ స్ప్రింగ్: బీటర్ తనంతట తాను వెనక్కి రావాలి, కానీ దాన్ని తొక్కడమే ఒక పని కాకూడదు.
- స్నేర్ (మోకాళ్ల మధ్య ఉండే డ్రమ్): ఎడమ చేయి తొడకు తగలకుండా రిమ్‌షాట్ (అంచూ హెడ్డూ ఒకేసారి తగిలే దెబ్బ) పడే ఎత్తులో.
- చెవులకు ఇయర్‌ప్లగ్స్: సాధనలో కూడా. క్లిక్ (మెట్రోనోమ్ చప్పుడు) వినపడటం లేదని హెడ్‌ఫోన్ సౌండ్ పెంచుకుంటూ పోవడం చెవులకు ప్రమాదం.
- రికార్డు చేయడానికి ఫోన్ చాలు.

## 4. ఒక్క కాలితో ట్రిప్లెట్లు

లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బమ్ (1969)లో మొదటి పాట "గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్". జాన్ బోనమ్ అందులో వాయించిన కిక్ వినగానే డబుల్ పెడల్ అనిపిస్తుంది, కానీ అది ఒక్క పెడలే. టెంపో నిమిషానికి సుమారు 94 బీట్లు. వినడానికి పెద్ద వేగమేమీ కాదు. అయితే ఒక్కో బీట్‌ని ఆరుగా కోస్తే ఒక్కో ముక్క సెకనులో పదో వంతు కన్నా ఏ కాస్తో ఎక్కువ. ఆ వ్యవధిలో కాలు రెండో దెబ్బ వేయాలి, అదీ మొదటి దెబ్బ అంత బలంగా.

ఇందులో కిక్ ఎక్కువగా పడేది ట్రిప్లెట్‌లోని (మూడు సమానమైన నోట్ల గుంపు) రెండో, మూడో నోట్ల మీద. మొదటి నోట్ చేతిది. అంటే "హ్యాట్-కిక్-కిక్". మన తిశ్రం నడకే, "త" చేతికి, "కిట" కాలికి. ఇలా అనుకుంటే బుర్రకి చటుక్కున ఎక్కుతుంది.

సాధన ఈ క్రమంలో:

1. మెట్రోనోమ్ 60. నోటితో "తకిట తకిట", బీట్‌కి రెండుసార్లు. చేతులు, కాళ్లు ఖాళీ.
2. ప్రతి "త" మీద హైహ్యాట్. కాలు ఇంకా ఖాళీ.
3. ఒక బార్‌లో ఒకే ఒక్కచోట "కిట" మీద కిక్ జంట. మిగతా బార్ అంతా మామూలే.
4. అదే జంటను రెండుచోట్ల, తర్వాత నాలుగుచోట్ల.
5. స్నేర్‌ని రెండో, నాలుగో బీట్ల మీద పెట్టండి. సరిగ్గా ఇక్కడే చాలామందికి కూలిపోతుంది, కాబట్టి ఈ మెట్టు దగ్గర రెండు మూడు రోజులు ఆగండి.
6. రెండు నిమిషాలు ఆపకుండా, ఒక్క జంట కూడా మింగకుండా వచ్చాకే 4 పెంచండి. అంతకుముందు కాదు.

కాలి సంగతి. రెండు దెబ్బలకీ కాలు మొత్తం ఎత్తితే ఈ వేగం అందదు. మొదటి దెబ్బకి చీలమండను వాడి, రెండో దెబ్బకి పాదాన్ని పెడల్ మీద కాస్త ముందుకు జారనివ్వడం ఒక పద్ధతి. మడమ-మునివేళ్ల పద్ధతి ఇంకొకటి. నాకు జారేదే నప్పింది. మీరు రెండూ ఒక్కో వారం చేసి చూసి ఒకటి ఎంచుకోండి, రోజుకొకటి మారిస్తే ఏదీ కుదరదు.

ఇక్కడ తరచూ జరిగే తప్పులు:

- బీటర్‌ని హెడ్‌కి అదిమి పట్టడం. అది వెనక్కి రాకపోతే రెండో దెబ్బకి చోటే లేదు.
- రెండో దెబ్బ నీరసంగా పడటం. కిక్ దగ్గర ఫోన్ పెట్టి రికార్డు చేయండి, చెవి మోసం చేస్తుంది గానీ రికార్డింగ్ చేయదు.
- వేగం రావట్లేదని స్ప్రింగ్ బిగించడం. రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు పిక్క పట్టేస్తుంది.
- ట్రిప్లెట్ జంటను రెండు మామూలు పదహారో నోట్లుగా (బీట్‌కి నాలుగు పడేవి) చదును చేసేయడం. దీనికి మందు మొదటి మెట్టే, మళ్లీ నోటితో "తకిట".

డబుల్ పెడల్ కొనేస్తే ఈ బాధ తప్పుతుంది కదా అని అడిగేవాళ్లకి: మెషుగ్గా బ్యాండ్ 2008లో చేసిన "బ్లీడ్" వినండి. టెంపో 115. చేతులు నింపాదిగా 4/4 నడుస్తుంటాయి, కింద పాదాలు ముప్ఫై రెండో నోట్ల (బీట్‌కి ఎనిమిది) జంటలు వేస్తూ వేరే దారిలో పోతుంటాయి. జంటలో ఒక నోట్‌కీ ఇంకో నోట్‌కీ మధ్య సెకనులో పదిహేనో వంతు. దానికి రెండు పెడల్స్ ఉంటే సరిపోదు, ఎడమ కాలు కూడా కుడి కాలంత చదువుకుని ఉండాలి. అలాంటి పాట పట్టుకునే ముందు, నెల రోజులపాటు మీ గ్రూవ్‌లన్నీ (పాటను నడిపించే ప్రధాన నడకలు) ఎడమ కాలితో కిక్ వేస్తూ వాయించండి. మొదటి వారం మీ మీద మీకే జాలేస్తుంది.

## 5. హాఫ్‌టైమ్ షఫుల్: చేతుల మధ్య ఎత్తుపల్లాలు

టోటో బ్యాండ్ పాట "రోజానా" (1982)లో జెఫ్ పోర్కారో వాయించిన గ్రూవ్ నేర్చుకోని డ్రమ్మర్ ఉండడు, సరిగ్గా వాయించేవాళ్లు మాత్రం కొద్దిమందే. డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ షఫుల్ (ట్రిప్లెట్లతో ఊగుతూ సాగే నడక), బోనమ్ "ఫూల్ ఇన్ ద రెయిన్" (1979)లో వాయించిన షఫుల్, కిక్‌లో గాయకుడు బో డిడ్లీ పేరు మీదున్న బీట్, ఈ మూడింటినీ కలిపానని పోర్కారోనే చెప్పాడు. చరిత్ర ఇక్కడితో చాలు. మనకి కావాల్సింది ఇందులోని పొరలు.

మొదటి పొర, హైహ్యాట్. ప్రతి ట్రిప్లెట్‌లో మొదటిదీ మూడోదీ. మొదటిది స్టిక్ భుజంతో అంచు మీద, మూడోది మొనతో పైన, మెత్తగా. ఐదు నిమిషాలు ఇదొక్కటే వాయించండి. విసుగొస్తుంది, రానివ్వండి.

రెండో పొర, ఘోస్ట్ నోట్స్. ట్రిప్లెట్ మధ్యలో కుడి చేయి ఖాళీగా వదిలిన చోట ఎడమ చేయి స్నేర్ మీద. స్టిక్ రెండు మూడు సెంటీమీటర్ల కన్నా లేవకూడదు. గదిలో ఇంకెవరైనా ఉంటే వాళ్లకి వినపడీ వినపడనట్టు ఉండాలి.

మూడో పొర, బ్యాక్‌బీట్. మూడో బీట్ మీద గట్టి దెబ్బ, ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తు నుంచి.

పాట ప్రాణం ఇక్కడుంది. గట్టి దెబ్బ పడిన మరు ట్రిప్లెట్ నోట్‌లోనే, అంటే తర్వాతి క్షణంలోనే, అదే ఎడమ చేయి మళ్లీ ఘోస్ట్ నోట్ వేయాలి. అంత గట్టిగా కొట్టిన స్టిక్ సహజంగా పైకి ఎగురుతుంది, దాన్ని ఎగరనివ్వకుండా కిందే పట్టి ఆపాలి. ఈ ఒక్కటి రాకపోతే ఘోస్ట్ నోట్ అన్నది పేరుకే, రెండు గట్టి దెబ్బలు వినిపిస్తాయి, షఫుల్ కాస్తా తలుపు తట్టినట్టు అయిపోతుంది.

దాన్ని విడిగా సాధన చేయండి. ప్యాడ్ మీద ఎడమ చేత్తో ఒక గట్టిది, వెంటనే ఒక మెత్తనిది, ఆగడం. మళ్లీ. రోజుకి పది నిమిషాలు, రెండు వారాలు. గట్టి దెబ్బ పడగానే చిటికెన, ఉంగరం వేళ్లు స్టిక్‌ని ఒక్క క్షణం అరచేతిలోకి మూస్తాయి, తర్వాత మళ్లీ వదులవుతాయి. పట్టు బిగిసే ఉండిపోతే మణికట్టు నొప్పి ఖాయం.

నాలుగో పొర, కిక్. రెండు బార్ల నమూనా ఇది. పై మూడు పొరలూ మాట్లాడుకుంటూ వాయించేంత అలవాటయ్యాకే దీన్ని చేర్చండి. చేర్చే పద్ధతి: మొదట మొదటి కిక్ మాత్రమే, అది కుదిరాక రెండోది, అలా ఒక్కొక్కటీ. మొత్తం ఒకేసారి పెట్టడానికి ప్రయత్నించినవాళ్లందరికీ ఘోస్ట్ నోట్స్ లేచి కూర్చుంటాయి.

సరిచూసుకోండి:

- కిక్ పడినప్పుడు హైహ్యాట్ దెబ్బ బలపడుతోందా? పడకూడదు.
- బ్యాక్‌బీట్ దగ్గర హైహ్యాట్ మాయమవుతోందా? అవకూడదు.
- ఘోస్ట్ నోట్స్ తీసేసి వాయించినా నడక నిలబడుతోందా? నిలబడాలి.
- రికార్డింగ్ వింటే మూడు స్థాయిలు వేరువేరుగా వినిపిస్తున్నాయా: గట్టిది, మధ్యస్థం, గుసగుస?

## 6. లెక్క తప్పించే పాటలు

ఇక్కడ మనకి ఒక లాభం ఉంది. "వన్ టూ త్రీ" అని ఏడు దాకా లెక్కపెట్టేవాళ్లు "సెవెన్" దగ్గర రెండు అక్షరాలు పలకాల్సి వచ్చి తెలియకుండానే కాలు జారుతారు. "ఒకటి, రెండు" అన్నా అదే బాధ. అదే "తకిట తకధిమి" అంటే అక్షరానికో లెక్క, మిశ్రచాపు (ఏడు లెక్కల తాళం) దానంతట అదే నడుస్తుంది. మృదంగం నేర్చుకోకపోయినా ఫర్వాలేదు, ఈ నాలుగు చాలు:

- 3: తకిట
- 4: తకధిమి
- 5: తక తకిట
- 7: తకిట తకధిమి, లేదా తకధిమి తకిట

పింక్ ఫ్లాయిడ్ "మనీ" (1973) 7/4లో ఉంటుంది. ఏడు కన్నా కష్టమైనది అందులోని మలుపు: గిటార్ సోలో దగ్గర పాట 4/4కి మారి, తర్వాత మళ్లీ ఏడుకి వస్తుంది. మలుపుకి ముందు రెండు బార్లు, తర్వాత రెండు బార్లు, మొత్తం నాలుగు బార్లు లూప్ పెట్టుకుని ఇరవైసార్లు వాయించండి. ఏడుని విడిగా గంట వాయించినదానికన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది.

రష్ బ్యాండ్ "వైవైజెడ్" (1981) మొదలు వినగానే భయపెడుతుంది. నిజానికి అది టొరంటో విమానాశ్రయం కోడ్‌ని మోర్స్‌లో కొట్టడమే. పొడుగు గీతకి రెండు, చుక్కకి ఒకటి చొప్పున లెక్కేస్తే "వై" అంటే 2-1-2-2, మొత్తం ఏడు. అది రెండుసార్లు, పద్నాలుగు. "జెడ్" అంటే 2-2-1-1, ఆరు. మొత్తం ఇరవై పదహారో నోట్లు, అంటే సరిగ్గా 5/4. 7+7+6 అని అనుకుంటూ చప్పట్లు కొట్టండి, గంటలో పట్టుబడుతుంది.

టూల్ బ్యాండ్ "స్కిజమ్" (2001) ప్రధాన రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న బాణీ) 5/8, 7/8 జంట. రెండూ కలిపితే పన్నెండు ఎనిమిదో నోట్లు, బీట్‌కి రెండు చొప్పున. అంటే పాదంతో మామూలు పల్స్ వేస్తూ ఉంటే ప్రతి ఆరో బీట్ తర్వాత మళ్లీ మొదటికి కలుస్తారు. అదే ఆల్బమ్‌లోని "లాటరాలస్"లో 9/8, 8/8, 7/8 వరసగా వచ్చే చోటు ఉంది, కలిపితే ఇరవై నాలుగు, అంటే పన్నెండు బీట్లు. ముక్కలు బేసి అయినా మొత్తం సరిసంఖ్య కావడం మనకి తాడులాంటిది. ఏ పాటలోనైనా ముందు "ఎన్ని కలిస్తే సరి అవుతుంది" అని చూసుకోండి.

లెక్క పాటలకి సాధన క్రమం:

1. నోటితో అక్షరాలు, చేత్తో పల్స్.
2. అవే అక్షరాలు నోటితో, కిక్ కేవలం ప్రతి బార్ మొదట్లో.
3. స్నేర్ చేర్చండి. కిక్, స్నేర్ తప్ప మరేదీ వద్దు.
4. హైహ్యాట్.
5. నోరు మూసేసి వాయించండి. చెదిరితే మూడో మెట్టుకి.
6. చివరగా ఫిల్స్.

ఫిల్స్ చివరికి ఎందుకంటే, 4/4 ఫిల్ చేతికి అలవాటైపోయి ఉంటుంది. 7/8 బార్‌లో దాన్ని వేసి ఒక ఎనిమిదో నోట్ ఎక్కువ వాయించేస్తారు, బ్యాండ్ అంతా అవతల, మీరు ఇవతల.

ఇంకో రకం ఉంది, అది మరీ మాయ. డ్రమ్స్ మామూలు 4/4 వాయిస్తాయి, మిగతావాళ్లే వేరే లెక్కలో ఉంటారు. లెడ్ జెప్పెలిన్ "కశ్మీర్" (1975)లో బోనమ్ నాలుగుతో నడుస్తుంటే రిఫ్ మూడుతో తిరుగుతుంది, పన్నెండు బీట్లకి ఒకసారి కలుస్తారు: డ్రమ్స్‌వి మూడు బార్లు, రిఫ్‌వి నాలుగు. "బ్లాక్ డాగ్" (1971)లో రిఫ్ అడ్డదిడ్డంగా జరుగుతున్నా డ్రమ్స్ నిటారుగా పోతాయి. అందులో గాయకుడి గొంతు ఒక్కటే వినిపించి ఆగే చోట్ల, రిఫ్ మొదలయ్యే ముందు స్టిక్స్ తట్టిన చప్పుడు రికార్డింగ్‌లోనే చెవికి అందుతుంది, అంటే బోనమ్ అంతటివాడు కూడా లెక్క బయటకి కొట్టాడన్నమాట. మనం సిగ్గుపడక్కర్లేదు.

ఇలాంటి పాటల్లో పెద్ద తప్పు రిఫ్‌ని అనుసరించడం. మొదట గిటార్ లేకుండా క్లిక్‌తో వాయించండి. తర్వాత రిఫ్‌ని చాలా చిన్నగా పెట్టి వాయించండి, రోజురోజుకీ సౌండ్ పెంచండి.

## 7. ఒక్క చేత్తో పదహారో నోట్లు, చివరిదాకా

రష్ వాళ్ల "టామ్ సాయర్" (1981) టెంపో సుమారు 88. నీల్ పియర్ట్ హైహ్యాట్ మీద పదహారో నోట్లు ఒక్క చేత్తో వాయించాడు. సెకనుకి దాదాపు ఆరు దెబ్బలు. ముప్ఫై సెకన్లు ఎవరైనా వాయిస్తారు, నాలుగున్నర నిమిషాల పాటలో పదేపదే దాని దగ్గరికి రావడమే అసలు పరీక్ష. మధ్యలో 7/8 కూడా ఉంది, అలసిన చేత్తో లెక్క చూసుకోవాలి.

రెండు చేతులతో పంచుకుంటే సులువు కదా అంటారు. సులువే, కానీ ఎడమ చేయి హైహ్యాట్ నుంచి స్నేర్‌కి పరిగెత్తాలి, దెబ్బల ఊనిక కూడా మారిపోయి ఆ పాట నడక పోతుంది.

- 70లో మొదలుపెట్టండి. ఒక నిమిషం వాయించడం, ఒక నిమిషం విశ్రాంతి, ఇలా ఐదుసార్లు.
- విశ్రాంతి లేకుండా ఐదు నిమిషాలు వచ్చాక 3 పెంచండి.
- ప్రతి బీట్‌లో మొదటి దెబ్బ మణికట్టుతో, మిగతా మూడూ వేళ్లు, స్టిక్ ఎగురుడు మీద వదిలేయండి. నాలుగింటినీ మణికట్టుతో కొడితే రెండో నిమిషానికే ముంజేయి రాయి అవుతుంది.
- మంట, అలసట వస్తే వేగం తగ్గించండి. పోటు, తిమ్మిరి వస్తే ఆ రోజుకి ఆపేయండి, పట్టుదలకి పోవద్దు. రోజుల తరబడి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

## 8. సులువు అనిపించి పరువు తీసేవి

ఏసీ/డీసీ "బ్యాక్ ఇన్ బ్లాక్" (1980) డ్రమ్ భాగం మొదటి రోజే వాయించేయొచ్చు. ఆ బ్యాండ్ డ్రమ్మర్ ఫిల్ రడ్ వాయించినట్టు ఉందా అని రికార్డు చేసుకుని చూడండి. నోట్స్ మధ్య ఖాళీలు మనకి ఎంత అసహనమో అప్పుడు తెలుస్తుంది. చేయి తిరిగినవాళ్లకే ఇది ఎక్కువ కష్టం, ఎందుకంటే ఖాళీ కనపడగానే ఏదో ఒకటి వాయించాలని చేయి దురదపెడుతుంది.

దీనికి నాకు పనిచేసిన మందు: క్లిక్‌ని రెండు బార్లు వినిపించి రెండు బార్లు నిశ్శబ్దంగా ఉండేలా పెట్టుకోవడం. నిశ్శబ్దం తర్వాత క్లిక్ తిరిగొచ్చినప్పుడు మీరు ముందున్నారా, వెనకున్నారా చూసుకోండి. తర్వాత నిశ్శబ్దాన్ని నాలుగు బార్లకి, ఎనిమిదికి పెంచండి.

అలాగని ప్రతి పాటనీ క్లిక్‌కి కట్టేయొద్దు. రోలింగ్ స్టోన్స్ "హాంకీ టాంక్ విమెన్" (1969) మొదట్లో ఉన్న వేగం చివర్లో ఉండదు, పాట మెల్లగా పరుగందుకుంటుంది. దాన్ని క్లిక్‌తో బిగిస్తే చప్పబడిపోతుంది. రికార్డింగ్‌తో కలిసి వాయించి ఎక్కడ ఎంత పెరిగిందో శరీరానికి పట్టించడమే దారి.

లెడ్ జెప్పెలిన్ "రాక్ అండ్ రోల్" (1971) డ్రమ్ ఇంట్రో కూడా ఈ జాబితాలోదే. దాన్ని ఒకటో బీట్ నుంచి మొదలైనట్టు వింటే గిటార్ వచ్చే చోట ఎప్పుడూ తేడా కొడుతుంది. అది మూడో బీట్ తర్వాతి సగం దగ్గర మొదలవుతుంది. "ఒకటి, రెండు, మూడు" అని మనసులో అనుకుని ఆ "మూడు" తర్వాత ఎత్తుకోండి, అంతా దారిలో పడుతుంది.

## 9. ముక్కలు కలపడం

విడివిడిగా అన్నీ వచ్చాక కూడా పాట రాదు. అతుకుల దగ్గర ఊడుతుంది. అందుకని:

1. కష్టమైన ప్రతి ముక్కనీ దాని ముందు ఒక బార్, వెనక ఒక బార్ కలిపి సాధన చేయండి. ఒంటరిగా ఎప్పుడూ వద్దు.
2. పాటను చివరి నుంచి నేర్చుకోండి. ముందు చివరి భాగం, తర్వాత దాని ముందుది కలిపి చివరిదాకా, అలా వెనక్కి. ఎప్పుడూ మొదటి నుంచి మొదలుపెడితే మొదటి భాగం వందసార్లు, ముగింపు పదిసార్లు వాయించి ఉంటారు, కచేరీలో ముగింపు దగ్గరే కాళ్లు వణుకుతాయి.
3. అసలు వేగంలో 60 శాతం, 75, 85, 95. ప్రతిచోటా మొత్తం పాట ఒక్క ఆపు లేకుండా.
4. అసలు వేగానికి చేరాక 105 శాతంలో కొన్నిసార్లు. స్టేజి మీద టెన్షన్‌కి బ్యాండ్ ఎలాగూ పరుగెడుతుంది, అప్పుడు మీకు ఊపిరాడుతుంది.
5. రికార్డింగ్‌తో వాయించడం అయ్యాక డ్రమ్స్ తీసేసిన ట్రాక్‌తో. ముందరి డ్రమ్మర్ చేయి పట్టుకుని నడిచారా, సొంతంగా నడిచారా అన్నది ఇక్కడ తేలిపోతుంది.

రోజుకి నలభై నిమిషాలు దొరికితే పది నోటికి, ఇరవై ఒకే ఒక్క కష్టమైన ముక్కకి, పది మొత్తం పాటకి. మూడు గంటలు ఆదివారం కూర్చుంటానంటే, వద్దని చెప్పను గానీ, సోమవారానికి సగం పోతుంది.

## 10. ఇరుక్కున్నప్పుడు

- ఒకే వేగం దగ్గర వారాలుగా ఆగిపోయారు: 10 తగ్గించి మూడు రోజులు ఉండండి, తర్వాత ఒకేసారి 15 పెంచి ముప్ఫై సెకన్లు వాయించండి, శుభ్రంగా రాకపోయినా ఫర్వాలేదు. వెనక్కి వస్తే పాత వేగం తేలిగ్గా ఉంటుంది.
- ఇంట్లో వస్తుంది, బ్యాండ్‌తో రాదు: గట్టిగా కొడుతున్నారు, పట్టు బిగుస్తోంది. ఇంట్లో కూడా బ్యాండ్‌తో కొట్టేంత గట్టిగానే సాధన చేయండి.
- ఫిల్ తర్వాత టెంపో పెరుగుతోంది: ఫిల్ వాయిస్తూ నోటితో బీట్లు లెక్కపెట్టండి. ఊపిరి బిగబట్టే అలవాటుంటే అదీ వదులుతుంది.
- ఒకే చోట ప్రతిసారీ తప్పు: అక్కడ స్టిక్కింగ్ (ఏ దెబ్బ ఏ చేత్తో) ఏమిటో కాగితం మీద రాయండి. పదింట ఎనిమిదిసార్లు, రోజుకో చేత్తో మొదలుపెడుతున్నారని తేలుతుంది.

## 11. బ్యాండ్ ముందు కూర్చునే ముందు

- రెండు వరస రోజులు, మొదటి ప్రయత్నంలోనే, ఆపకుండా వాయించారా?
- పాట మధ్యలో ఏ భాగం అడిగినా అక్కణ్నుంచి ఎత్తుకోగలరా?
- ఎక్కడైనా తప్పితే ఎక్కడ మళ్లీ కలుస్తారో తెలుసా? కాగితం మీద అలాంటి మూడు చోట్లకి చుక్క పెట్టుకోండి.
- మెట్రోనోమ్ లేకుండా సరైన టెంపో అందుకోగలరా? పాటలో అందరికన్నా బిజీగా ఉండే భాగాన్ని మనసులో నాలుగు సెకన్లు పాడుకుని, ఆ వేగంతోనే లెక్క ఇవ్వండి. మొదటి భాగాన్ని తలచుకుని ఇస్తే ఎప్పుడూ ఎక్కువ వేగమే వస్తుంది.
- 7/4, 7/8 పాటలకి స్టిక్స్‌తో ఎన్ని తట్టి మొదలుపెడతారో బ్యాండ్‌కి ముందే చెప్పారా? ఏడా, చివరి నాలుగా? వాళ్లు నాలుగు అనుకుని మీరు ఏడు తడితే, ఐదో తట్టుకే గిటార్ వచ్చేసి ఉంటుంది.